ఏరు మీద అయిదో పాయింటు

వేరే దేశపు నీళ్ళు

ఇరవై ఆరేళ్ళు నేను ఒక ఏటి మీద బతికాను. ఇసుక తోలలేదు, చేపలు పట్టలేదు. దాని అర్థం చెప్పి బతికాను. ఆ ఏరు అమెరికాలో ఉంది, నేను వికారాబాద్‌లో ఉన్నాను. మధ్యలో ఉన్న సముద్రాల సంగతి అటుంచండి, నాకు అసలు ఈతే రాదు. వానాకాలంలో మా ఇంటి వెనక మోరీ దాటాలన్నా దేవుళ్ళందరి పేర్లూ తలుచుకుని, చాలకపోతే పక్కింటివాళ్ళ దేవుళ్ళను కూడా అడిగి దాటుతాను. అటువంటి నేను ఏటా జనవరిలో ఆ మహా ప్రవాహాన్ని తాండూరు దాకా తెచ్చి, మా డిగ్రీ కాలేజీ మూడో నంబరు గదిలో నల్లబల్ల మీద నుంచి వదిలేవాణ్ణి. అది డెబ్బై మంది నోటుపుస్తకాల్లో పారి, పరీక్షల్లో జవాబు పత్రాల మీద పొంగి, ఎండలు ముదిరేసరికి ఎవరి బుర్రలోనూ చుక్క మిగలకుండా ఇంకిపోయేది.

నా పేరు నర్సింలు. ప్రైవేటు కాలేజీలో ఇంగ్లిషు లెక్చరర్ని. యాభై రెండేళ్ళకే దిగిపోయాను కాబట్టి దీన్ని రిటైర్మెంటు అనొచ్చో లేదో మా ఇంట్లో ఇంకా తేలలేదు. మా ఆవిడ మాత్రం "ఖాళీగ తిరుగుడు" అంటుంది. పొద్దున ఏడున్నరకు నా కాళ్ళు నన్నడగకుండానే స్టేషన్ దారి పడతాయి. ప్లాట్‌ఫారం మీద ఆ కొసకూ ఈ కొసకూ నాలుగు చుట్లు తిరిగి, తాండూరు బండి కదిలినంక ఇంటికొస్తాను. కూర్చోబుద్ధి కాదు. రాస్తే మనసు కుదురుతుందని ఎవరో అన్నారు. రాస్తున్నాను. ఈ పేరా పూర్తయ్యేలోపు పదకొండుసార్లు లేచాను.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం ఇది. ఇంక్రిమెంట్లు, అఫిలియేషన్లు, రిజిస్టర్లు ఎట్లా నడుస్తాయో మీకు ఆఫీసు క్లర్కు నాకంటే బాగా చెబుతాడు. నేను ఒక ఏరు, ఒక బాసు, ఒక తప్పు గురించి మాత్రం చెబుతాను.

నాలుగు పాయింట్లు

మా సిలబస్‌లో ఒక అమెరికా నవల ఉండేది. పేరు చెప్పను. చెబితే మీరు గైడు కొనుక్కుని నేను రాసింది పక్కన పడేస్తారు. కథ చిన్నగా చెబుతాను. ఇల్లు విడిచిన ఒక పిల్లగాడు, యజమాని దగ్గర నుంచి పారిపోయిన ఒక బానిస, ఇద్దరూ తెప్ప కట్టుకుని ఒక పెద్ద ఏటి వెంట పోతుంటారు. ఒడ్డు మీద మోసాలు, కొట్లాటలు. ఏటి మీద వాళ్ళిద్దరూ హాయిగా ఉంటారు. అంతే. ఈ "అంతే" మీద మాకు పదిహేను మార్కుల ప్రశ్న వచ్చేది: ఆ నవలలో నది దేనికి ప్రతీక? ఒక్కో ఏడాది వాన రాకపోయేది గాని ఆ ప్రశ్న రాకుండా పోయేది కాదు.

నేను ఉద్యోగంలో చేరిన మొదటి రోజున, అంతకు ముందు పనిచేసి వెళ్ళిన సారు తన నోటుపుస్తకం నా చేతిలో పెట్టాడు. దాని అట్ట ఎంత పాతదంటే, తవ్వకాల్లో దొరికి ఉంటుందని నా అనుమానం. అందులో నాలుగు పాయింట్లు ఉన్నాయి. నది స్వేచ్ఛకు ప్రతీక. నది పవిత్రతకు ప్రతీక. నది జీవన ప్రయాణానికి ప్రతీక. ఒడ్డు సమాజపు సంకెళ్ళకు ప్రతీక. ఒక్కో పాయింటు కింద ఒక్కో పేరా. కామాలతో సహా చదివి వినిపిస్తే సరిగ్గా ఒక పీరియడు పడుతుంది. దగ్గు వస్తే పీరియడు దాటుతుంది.

ఆ నోట్సు నేను ఎన్నిసార్లు చెప్పి ఉంటానంటే, నిద్రలో నేను "కామా" అంటే మా ఆవిడ నిద్రలోనే "ఊ, తర్వాత" అనేది.

ఇప్పుడొక సంగతి ఒప్పుకోవాలి. ఇది మా ఆవిడకు కూడా చెప్పలేదు. ఆ నవల నేను సగం దాకానే చదివాను. తెప్ప పొగమంచులోకి వెళ్ళే దగ్గర ఒక కాగితం మడిచి పెట్టి, దసరా సెలవుల్లో మిగతాది చదువుదామనుకున్నాను. అటువంటి దసరాలు చాలా వచ్చాయి. నోట్సు ఉన్నప్పుడు నవల ఎందుకనిపించేది. నమ్మండి, ఈ వృత్తిలో నేనొక్కణ్ణే కాదు. స్టాఫ్ రూములో పుస్తకం పూర్తిగా చదివినవాళ్ళను లెక్కపెట్టాలంటే ఒక చెయ్యి కూడా ఎక్కువే.

బండ పాలిషు

మా కరస్పాండెంట్ సాబ్ కాలేజీ పెట్టకముందు నాపరాయి పాలిషు యూనిట్ నడిపాడు. అందుకే మా కాలేజీలో గచ్చు ఎంత నున్నగా ఉండేదంటే, మేము వరండాలో నడిచేవాళ్ళం కాదు, ప్రిన్సిపాల్ గది దగ్గర బయలుదేరితే లైబ్రరీ దగ్గర ఆగేవాళ్ళం. ఆయనకు మనిషిని చూసినా, పాఠాన్ని చూసినా అదే కొలత.

సాయంత్రం గేటు దగ్గర నిలబడి అడిగేవాడు. "నర్సింలు సార్, ఈ రోజు ఎన్ని పేజీలు చెప్పినవ్?"

"ఆరు పేజీలు సాబ్."

"నిన్న ఏడు చెప్పినవ్ గద."

"ఒక పిల్ల డౌటు అడిగింది సాబ్. దాంట్ల ఒక పేజీ పోయింది."

"డౌట్లు గిట్ల ఇంటికాడ పెట్టుకోమను. పాలిష్ మిషన్ నడిచేటప్పుడు బండ మాట్లాడితే ఎట్లయితది?"

మీకు నవ్వొస్తే నవ్వండి. నేను కూడా నవ్వేవాణ్ణి, రైలెక్కినంక. కానీ ఆయన చెడ్డవాడని రాయను. ఒక్క పిల్ల ఫెయిలైనా ఆయనకు ఆ రోజు అన్నం దిగేది కాదు. ఆయన పట్టుదల వల్లే బషీరాబాద్, దోమ, నవాబుపేట ఊళ్ళ నుంచి వచ్చిన ఎంతోమంది డిగ్రీ గట్టెక్కారు. ఆయన నాకు నేర్పింది ఒక్కటే, పాఠానికి నిగనిగ ముఖ్యం అని. అది నేర్చుకున్నవాణ్ణి నేను. మిషన్ నడిపింది కూడా నేనే.

మూడో బెంచీ ప్రశ్న

భాగ్య బషీరాబాద్ అవతల, కర్ణాటక అంచున ఉన్న ఊరి నుంచి వచ్చేది. షేర్ ఆటోలో పదకొండో మనిషిగా కూర్చుని వచ్చేది కాబట్టి కుడి భుజం ఎప్పుడూ కొంచెం వెనక్కి ఉండేది. వాళ్ళది గొర్లు కాసే ఇల్లు. నాన్న మల్లయ్య ఏడాదిలో సగం మంద వెంట తిరిగేవాడు. ఆ పిల్ల మూడేళ్ళలో నన్ను అడిగింది ఒకే ఒక్క ప్రశ్న.

మొదటి పాయింటు చెబుతున్నాను. "నది స్వేచ్ఛకు ప్రతీక, కామా." మూడో బెంచీలో ఆ పిల్ల లేచి నిలబడింది.

"సార్, ఒక మాట."

"పేరా అయినంక అడుగు."

"మల్ల మరిచిపోత సార్. గా బానిస పారిపోతున్నడు గద. ఆయన ఏ దిక్కు పోతే బతుకుతడు?"

"ఉత్తరానికి పోతే. అక్కడ బానిసలు ఉండరు."

"ఏరు ఏ దిక్కు పోతంది సార్?"

నాకు తెలిసిన భూగోళమంతా వెతుక్కున్నాను. "దక్షిణానికి."

"మరి అది స్వేచ్ఛ ఎట్లయితది? మనుషుల్ని అమ్మే జాగకే తోల్కపోతంది గద ఆయన్ని."

పైన ఫ్యాను తిరుగుతోంది. మా ఫ్యాను చప్పుడంటే తక్కువ కాదు, హెలికాప్టర్ దిగుతుందేమోనని పక్క బడి పిల్లలు బయటికొచ్చి చూసేవాళ్ళు. ఆ చప్పుడులో నేను నా వృత్తి జీవితంలోకెల్లా తెలివితక్కువ జవాబు చెప్పాను.

"ప్రతీకలకు దిక్కులుండవమ్మా."

వెనక బెంచీ నుంచి ఎవడో అందుకున్నాడు. "గొర్లు కాసేటోళ్ళకు దిక్కులు మస్తు ఎరుక సార్."

క్లాసంతా నవ్వింది. నేను కూడా నవ్వాను. ఈ వాక్యం రాయడానికి లేచి మూడు గదులూ తిరిగి వచ్చాను. మాకున్నవి రెండే గదులు.

నవ్వు తగ్గినంక, దయ చూపిస్తున్నట్టు చెప్పాను. "చూడు భాగ్యా, మార్కులు కావాలంటే నోట్సు దాటి ఒక్క అడుగు పోవద్దు. కూర్చో." ఆ పిల్ల కూర్చుంది. కామా దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టాను.

సున్నా

ఆ ఏడాది ఫైనల్లో భాగ్య అన్ని పేపర్లూ పాసై, నా పేపర్ ఒక్కటి పోగొట్టుకుంది. ఆరు మార్కులు తక్కువ. కాలేజీకి తండ్రిని వెంటబెట్టుకుని వచ్చింది. మల్లయ్య మనిషి ఎత్తెంతో చెప్పను, నమ్మరు. మీసం సంగతి మాత్రం చెబుతాను. ఒక కొస బషీరాబాద్ మండలంలో ఉంటే రెండో కొస కర్ణాటకలో ఉండేది. అంతటి మనిషి మా నున్నటి గచ్చు మీద చెప్పులు విడిచి, గోడ పట్టుకుని నిలబడ్డాడు.

భాగ్య చేతిలో జవాబు పత్రం జిరాక్సు ఉంది. యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టి తెప్పించుకుందట. నది ప్రశ్న తీసి చూపించింది. మూడు పేజీలు రాసింది. ఒక్క టిక్కు లేదు. చివర గుండ్రంగా సున్నా. పక్కన ఎర్ర సిరాతో "సంబంధం లేదు" అని.

"నోట్సు ఎందుకు రాయలేదు?" అన్నాను.

"ప్రశ్నల 'మీ అభిప్రాయంలో' అని ఉండె సార్. నిజంగనే అడుగుతున్నరనుకున్న."

"ఇప్పుడు?"

"బీఎడ్ ఎంట్రెన్సుల ర్యాంకొచ్చింది. డిగ్రీ పాసైతేనే సీటిస్తరు. వచ్చే నెల సప్లిమెంటరీ ఉంది. అండ్ల గూడ పోతే సీటు పాయె. అన్న క్వారీల కాలిరగ్గొట్టుకున్నడు. మందెంబడి మనిషి కావాలె. నేనే పోవాలె."

ఆ చెప్పడంలో ఏడుపు లేదు. బస్సు టైము చెప్పినట్టు చెప్పింది. మల్లయ్య గోడ వదిలి ముందుకొచ్చాడు. అప్పుడు ఒకే మాట అడిగాడు.

"బిడ్డ రాసింది తప్పా సార్?"

నేను ఆ మూడు పేజీల్లోకి చూశాను. ఇంగ్లిషు కుంటుతూ నడిచింది గాని ఎక్కడా పడిపోలేదు. వాళ్ళు పొగమంచులో ఉత్తరానికి తిరగాల్సిన చోటు దాటిపోయారు, ఆ తర్వాత ఏరు ఆ మనిషిని రోజురోజుకూ ఇంకా లోపలికి, గొలుసుల దేశంలోకే మోసింది, హాయిగా ఉండటం వేరు, విడుదల కావడం వేరు అని రాసింది. పొగమంచు. నేను కాగితం మడిచి పెట్టిన చోటు. ఆ పిల్ల దాన్ని దాటి చివరి దాకా చదివింది.

"తప్పు కాదు," అన్నాను.

"మరి సున్నా ఎందుకేసిండ్రు?"

దీనికి జవాబు నా దగ్గర ఉంది. చెప్పే ధైర్యం లేదు. ఇప్పుడు చెబుతాను. పరీక్షలు అయినంక పేపర్లన్నీ పట్నంలో ఒక పెద్ద హాలులో దిద్దుతారు. దాన్ని స్పాట్ అంటారు. దిద్దే లెక్చరర్లందరికీ ఏ పాయింటుకు ఎన్ని మార్కులో ఒక కాగితం ఇస్తారు, దాన్ని కీ అంటారు. చీఫ్ ఎగ్జామినర్‌గా కూర్చున్నవాడు ఆ కీ రాస్తాడు. ఆ ఏడాది, దాని ముందు ఆరేళ్ళు, చీఫ్ ఎగ్జామినర్ని నేనే. నది ప్రశ్న కింద నాలుగు పాయింట్లు రాసి, కింద గీత గీసి, "ఇవి తప్ప వేరే రాస్తే మార్కులు లేవు" అని రాసింది ఈ చెయ్యే. ఆ సున్నా ఎవరు వేశారో నాకు తెలియదు. వేయించింది నేను.

ఎగువ

ఆ ఆదివారం ఇంట్లో నిలబడలేక, కూర్చోలేక, బషీరాబాద్ బస్సెక్కాను. దిగి ఆటో పట్టుకుని వాళ్ళ ఊరు పోయాను. మల్లయ్య ఏటి ఒడ్డున మందతో ఉన్నాడని చెప్పారు. మా కాగ్నా ఏరు అక్కడ పారుతుంది, పారినప్పుడు. మిగతా రోజుల్లో ఇసుక, తుమ్మచెట్లు, మధ్యలో నా వేలెడంత నీళ్ళు. అయినా దిగాలంటే నాకు భయమేసి ఒడ్డు మీదనే నిలబడ్డాను.

"బర్రి సార్, బర్రి," అని కన్నడంలో పిలిచి, నన్ను గుర్తుపట్టి తెలుగులోకి దిగాడు మల్లయ్య. "బిడ్డ ఇంట్ల సదువుకుంటంది. నాతోని ఏం పని?"

"మీ భాగ్యకు ఆ ఆలోచన ఎక్కడికెళ్లి వచ్చిందో తెలుసుకుందామని వచ్చిన. ఏరు పారిపోయేటోణ్ణి పట్టిస్తదని రాసింది."

ఆయన కర్ర మీద గడ్డం ఆనించి చాలాసేపు నన్ను చూశాడు. ఇంత చిన్న విషయానికి వికారాబాద్ నుంచి వచ్చినవాణ్ణి చూసే చూపు అది.

"గిది చెప్పేటందుకు సదువు గావాల్నా సార్? చూడు, ఏటి ఎంబడి దిగువకు పోతే ఏముంటది? మాగాణి. అది ఎవరిది? మాది గాదు. ఒక్క గొర్రె మూతి పెట్టినా, మా తాత కాలంల బందెలదొడ్ల కట్టేస్తుండిరి. విడిపించుకునేదాక కాళ్ళ మీద పడాలె. ఇప్పుడు ఫోన్ల ఫోటో తీసి పంచాయితికి పిలుస్తరు. అంతే ఫరక్."

"ఎగువకు పోతే?"

"ఎగువకు గుట్ట. గరకకు ఎవల పర్మిషన్ అక్కర లేదు. మందను తోలేటప్పుడు మా పెద్దలు ముందు నేర్పేది గదే. ఏటిని నమ్మి దాని ఎంబడి పోవద్దు. దానికేమెరుక, పల్లం దిక్కు పోతది. ఆ పల్లం ఎవలదో అది చూస్తదా?"

అక్కడ ఒడ్డు మీద నిలబడి, నాలుగు పాయింట్లూ ఒకటి తర్వాత ఒకటి నా కళ్ళ ముందే ఇసుకలో కూరుకుపోవడం చూశాను. వెనక్కి వచ్చే బస్సులో సీటు దొరికినా నిలబడే వచ్చాను. ఇంటికి రాగానే నవల తీసి, మడిచిన కాగితం తీసేసి, మర్నాడు సెలవు పెట్టి చివరి దాకా చదివాను. ఆ పిల్ల రాసింది అక్షరాలా నవలలో ఉంది. ఇరవై ఆరేళ్ళుగా ఉంది.

ఒప్పందం

మంగళవారం భాగ్యను స్టాఫ్ రూముకు పిలిచి, ఈ ఉద్యోగంలో చేయకూడని పని చేశాను. కీ సంగతి బయటివాళ్ళకు చెప్పకూడదు. చెప్పాను.

"ఆ కీ రాసింది నేనే. నీకు సున్నా వేయించింది నేనే. సప్లిమెంటరీకి కూడా నేనే చీఫ్. ఈసారి అయిదో పాయింటు పెడుతున్న. నువ్వు పోయినసారి రాసిందే మళ్ళ రాయి."

ఆ పిల్ల మొహం ఎర్రబడుతుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"మీరు పెడ్తనంటే పెట్టనిస్తరా సార్?" అంది.

"పెట్టిస్త."

"దిద్దేటోళ్ళు మస్తు మంది ఉంటరు గద. అందరు ఇంటరా?"

"వినిపిస్త. అది నా జిమ్మేదారీ."

"సరే సార్," అని వెళ్ళిపోయింది. సరే అంటే ఏ సరేనో నేను అడగలేదు.

స్పాట్

సప్లిమెంటరీ దిద్దుడుకు పట్నం పోయాను. రైల్లో ఖలీల్ సాబ్ తోడు. ఆయన వికారాబాద్‌లో ఇంకో కాలేజీలో ఇంగ్లిషు చెబుతాడు. పద్దెనిమిదేళ్ళ నుంచి నాతో పేపర్లు దిద్దుతున్నాడు. చాయ్ ఒక గుక్క, పేపర్ ఒక నిమిషం, ఇదీ ఆయన వేగం. ఆయన చేయి ఆడిస్తుంటే హాలులో కూలర్ అవసరం ఉండేది కాదు.

కీ కాగితం చూసి కళ్ళద్దాలు నెత్తి మీదికి నెట్టాడు.

"నర్సింలు భాయ్, ఏరు మీద ఎప్పుడూ నాలుగే పాయింట్లు. గీ అయిదోది ఎక్కడికెళ్లి తెచ్చినవ్?"

"బషీరాబాద్ కెళ్లి."

"మజాక్ జెయ్యకు. గైడ్ల లేదు."

"నవలల ఉంది."

"నవల ఎవడు సదివిండు భాయ్?"

"నేను సదివిన. పోయిన నెల."

ఖలీల్ సాబ్ నాకు జ్వరం ఉందేమోనని నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. తర్వాత స్పాట్ నడిపించే క్యాంపు ఆఫీసర్ దగ్గరికి పోవాల్సి వచ్చింది. ఆయన సంతకం లేకుండా కీ నడవదు. ఆయన అయిదో పాయింటు రెండుసార్లు చదివాడు.

"దీన్ని పిల్లలెవరైనా రాస్తారా?"

"పోయినసారి ఒకరు రాశారు సార్. కీలో లేక ఫెయిలయ్యారు."

"ఒక్కరి కోసం కీ మారుస్తామా నర్సింలు గారూ?"

"ఒక్కరి కోసం కాదు సార్. నవలలో ఉన్నదాని కోసం. ఏడేళ్ళు తప్పు కీ రాశాను. అట్లని రాసిస్తాను."

రాసివ్వనక్కరలేదని సంతకం పెట్టాడు. బహుశా నా కాళ్ళు ఒక చోట నిలవకపోవడం చూసి భయపడ్డాడేమో. నేను ప్రతి బల్ల దగ్గరికీ పోయి, ముప్పై మంది దిద్దేవాళ్ళకూ అయిదో పాయింటు నోటితో చెప్పాను. ఎవరికైనా అటువంటి జవాబు కనిపిస్తే సున్నా వేయకుండా నన్ను పిలవమన్నాను. ఖలీల్ సాబ్ వెనక నుంచి "హజ్రత్ వచ్చిండు, లేవుండ్రి" అని ఏడిపిస్తూనే ఉన్నాడు.

మూడు రోజులు ఎదురుచూశాను. కట్టలు విప్పుతున్నారు, కడుతున్నారు. ఎవరూ పిలవలేదు. రెండో రోజు నుంచి నేనే కట్టలు తిప్పడం మొదలుపెట్టాను. నది స్వేచ్ఛకు ప్రతీక. నది స్వేచ్ఛకు ప్రతీక. నది స్వేచ్ఛకు ప్రతీక. కొన్నిటిలో నేను చెప్పిన కామాలు కూడా అక్కడక్కడే ఉన్నాయి. ఒకరు "స్వేచ్ఛ" కింద మూడు రంగుల గీతలు గీశారు. అందరికీ పన్నెండు, పదమూడు. కీ ప్రకారం వేయాలి, వేశాం.

మూడో రోజు సాయంత్రం ఆఖరి కట్టకు సీలు పడింది. భాగ్య జవాబు ఎక్కడా లేదు. ఎవరైనా నాకు చెప్పకుండా మళ్ళీ సున్నా పెట్టారా? ఆ పిల్ల పరీక్షకే రాలేదా? మంద వెంట వెళ్ళిపోయిందా? ఖలీల్ సాబ్‌ను అడిగాను. "నీ దగ్గరేమన్న వచ్చిందా, నిజం చెప్పు."

ఆయన మొదటిసారి వెక్కిరించకుండా జవాబిచ్చాడు. "రాలే భాయ్. ఒక్కటి గూడ రాలే. నేను గూడ దేవులాడిన."

జవాబు

ఫలితాలు వచ్చేదాకా నేను తిరిగిన తిరుగుడుకు వికారాబాద్ రోడ్లు రెండంగుళాలు దిగాయి. రిజల్టు ఫోన్లో చూసేటప్పుడు హాల్ టికెట్ నంబరు రెండుసార్లు తప్పు కొట్టాను. మూడోసారి వచ్చింది. పాసు. నా పేపర్లో మామూలు పాసు కాదు, మంచి మార్కులు.

వెంటనే ఫోన్ చేశాను. అవతల గొర్ల అరుపులు వినిపిస్తున్నాయి.

"పాసైనవ్ భాగ్యా."

"చూసిన సార్. నాయినకు చెప్పిన. ఇంకో నాలుగు రోజులల్ల సీటు ఖాయం చేసుకునేటందుకు పోవాలె."

"నీ జవాబు నాకు కనపడలే. మూడు రోజులు కట్టలన్నీ తిప్పిన."

ఆ పిల్ల ఒక గొర్రెను అదిలించింది.

"నేను నోట్సే రాసిన సార్," అంది. "నాలుగు పాయింట్లు. మీరు చెప్పినట్టె."

"నేను అయిదో పాయింటు పెట్టిన. నిజంగ పెట్టిన. సంతకం చేయించిన."

"పెడతరని నాకెరుక సార్. మీరు అబద్ధమాడరు." అంది. "కాని నాది ఒక్కటే ఛాన్సుండె. అంతమందిల ఒకరు ఇనకుంటే నా పని ఖతం. మీరు కోపం జేసుకోకుండ్రి."

కోపం నాకెక్కడ? ఆ పిల్ల చేసింది ఇరవై ఆరేళ్ళ నా పాఠానికి సరైన జవాబు. నేను ఎంత గట్టిగా పాలిషు పట్టానంటే, తీరా నేనే వచ్చి గీసుకోమ్మా అంటే గీత పడలేదు. స్పాట్ హాలులో ఏదో ఒక కట్టలో, పేరు లేకుండా, నా చేతి మీదుగానే భాగ్య నాలుగు పాయింట్లు కూడా పోయి ఉంటాయి. అన్నిటితోపాటు వాటికీ టిక్కు కొట్టి ఉంటాను.

ఆ ఏడాది చివర కాలేజీకి రాజీనామా ఇచ్చాను. కరస్పాండెంట్ సాబ్ కారణం అడిగాడు. పేజీలు తగ్గుతున్నాయని చెప్పాను. ఆయనకు అది వెంటనే అర్థమైంది.

ఇప్పుడు భాగ్య దోమ దగ్గర ఒక బడిలో ఇంగ్లిషు చెబుతుంది. పోయిన నెల వికారాబాద్ స్టేషన్‌లో కనిపించింది. బండికి ఇంకా టైముంది. నాకు ఎప్పటి నుంచో అడగాలని ఉన్నది అడిగాను.

"రేపు నీ క్లాసుల ఒక పిల్ల లేచి, నువ్వడిగినట్టె అడిగితే ఏం చెప్తవ్?"

ఆలోచించింది. తొందరపడలేదు.

"ముందు పాసు గమ్మంట సార్. పాసైనంక రా, ఇద్దరం కూసొని మాట్లాడుకుందాం అంట."

అందులో మొదటి మాట నాదే, నా దగ్గర నేర్చుకున్నదే. రెండో మాట మాత్రం ఇరవై ఆరేళ్ళలో నేను ఎవరితోనూ అనలేదు.